పిట్ట ముట్టలేదు

"వేలు పడ్తలేదక్కా," అన్నాడు రామాంజనేయులు, వేలిముద్ర యంత్రాన్ని రుమాలుతో తుడుస్తూ. "ఇంకోసారి గట్టిగ ఒత్తు."

వందన ఒత్తింది. నాలుగోసారి. యంత్రం ఎర్రగా మెరిసి ఊరుకుంది. బాన్సువాడ బస్టాండు పక్కనున్న ఆ చిన్న దుకాణంలో వేలు పెడితే బ్యాంకు డబ్బులు చేతికిస్తారు. ఇవాళ ఆ యంత్రానికి వందన వేలంటే గిట్టలేదు.

"బీడీలు చుడ్తవా? ఆకు పట్టీ పట్టీ గీతలు అరిగిపోతయి."

"మొన్న ఎండకాలం దాంక మంచిగనే పడ్డదన్నా."

"గట్లయితే ఖాతనే బందైనట్టుంది. బ్యాంకుల అడుగు. మీ ఆయనను తోల్కపో, జల్ది అయితది."

ఆ ఆయనకు తెలియకూడదనే కదా ఈ తిప్పలన్నీ! నగేశ్ మద్నూర్‌లో ఇంకో కాపురం పెట్టాడు. విడాకుల కాగితం వేయకముందే నీవి నీ చేతిలో పెట్టుకో అని వకీలు భాగ్యశ్రీ గట్టిగా చెప్పింది. వందనకు ఉన్నవే మూడు. బీడీలు చుట్టి ఖాతాలో దాచిన లక్షా ఇరవై వేలు, కుదువ పెట్టిన పుస్తెలతాడు రసీదు, తల్లి పసుపు కుంకుమ కింద రాసిచ్చిన బీర్కూర్ ఎకరం. రసీదు బీడీ చాట అడుగున భద్రంగా ఉంది. మిగతా రెండూ దక్కితే బయట బతుకుతుంది. దక్కకపోతే ఆ గడపలోనే పడి ఉండాలి.

వందన దుకాణం మెట్లు దిగింది. మళ్లీ అత్తే అడ్డం పడింది అనుకుంది.

అత్త పూలమ్మ పోయి ఐదు నెలలు. పోయే ముందు రోజు కోడలి మణికట్టు పట్టుకుని, "నా పాడె మీద నువ్వు గూడ ఉంటవే. పైలంగ ఉండు," అంది. శాపం కాక అదేమిటి? మూడో రోజు పిట్టకు పెడితే పిట్ట ముట్టలేదు. పోయినవాళ్ల కోరిక తీరందే కాకి మెతుకు ముట్టదంటారు. చుట్టాలంతా తలో మాట ఇచ్చి మొక్కారు. చివరికి వందన చేతులు జోడించి, "నీ కొడుకును ఇడిచిపోనత్తమ్మా," అంది. విస్తరి దాకా వచ్చిన కాకి ఆ మాట వినగానే లేచిపోయింది. అబద్ధమని ముసలమ్మకు తెలిసిపోయిందని వందన భయపడింది.

అప్పటినుంచి ఏది పట్టుకున్నా ఇంతే. సంఘంలో లోను ఆగింది. రేషన్ చీటీలో పేరు కొట్టేశారు. మధ్యాహ్నం ఒక్కతే కూర్చుని ఆకు కత్తిరిస్తుంటే పక్కన ఇంకో కత్తెర చప్పుడు. తాను ఆపితే అదీ ఆగుతుంది. చచ్చినవాళ్లు పగబడితే బ్యాంకులు మాత్రం ఏం చేస్తాయి!

భాగ్యశ్రీ ఆఫీసులో కూర్చోగానే అదే చెప్పుకుంది.

"మా అత్త పట్టింది మేడం. ఆఖరికి వేలు గూడ పడనిస్తలేదు."

ఎప్పుడూ నవ్వేసే భాగ్యశ్రీ ఈసారి నవ్వలేదు. నీళ్ల గ్లాసు ముందుకు జరిపింది.

"ఇగ మనం విడాకుల కాగితం ఎయ్యలేం వందనా."

"ఎందుకు మేడం? ఫీజు ఎట్లన్న కడ్త."

"ఫీజు గురించి కాదు. బీర్కూర్ ఎకరం కాగితాలు తెప్పిచ్చిన. మూడు నెలల కింద అది నగేశ్ పేరు మీదికి ఎక్కింది."

వందన దిగ్గున లేచింది. "నేను ఏడ సంతకం పెట్టలె! మా అవ్వ మీదొట్టు."

"నీ సంతకం అవసరం పడలె. కూసో. మీ అత్త పోయిన దినం నగేశ్‌కు ఏమన్న ఇచ్చినవా?"

ఆ రోజు ఎవరికి గుర్తుంటుంది? వాకిట్లో శవం, ఇంటి నిండా ఏడుపు. అయినా ఒకటి మెల్లగా తోచింది.

"నా ఆధార్ కార్డు అడిగిండు. అత్తమ్మ చావు ఆఫీసుల రాయిచ్చేటందుకు ఇంటి కోడలిది కావాల్నట. ఏడ్సుకుంటనే తీసిచ్చిన."

"వాపస్ ఇచ్చిండా?"

"సాయంత్రమే ఇచ్చిండు. ఏమైంది మేడం?"

భాగ్యశ్రీ కళ్లెత్తకుండా ఇంకో కాగితం తీసి ఆమె ముందు పెట్టింది. "గీ మరణ ధ్రువపత్రం పెట్టే నగేశ్ భూమి మార్పిచ్చుకున్నడు. తేదీ సూడు."

"అత్తమ్మ పోయిన దినమే."

"ఇప్పుడు పేరు సూడు."

అత్త పేరు చూడడానికి ఏముంది అనుకుంటూనే వందన కాగితం దగ్గరికి తీసుకుంది. అరిగిన బొటనవేలు గడి మీద ఆనించి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

"మరణించినవారి పేరు: వందన. భర్త: నగేశ్."