పెద్ద కాయిల్

ఏటా వానలకి కొండ జారి కాలనీ మీద పడటం మామూలయ్యాక, ఇంటింటికీ మిక్సీతోపాటు మెటల్ డిటెక్టరూ వచ్చేసింది. మట్టికింద మనుషుల్ని వాళ్ల ఒంటిమీది లోహాన్ని బట్టి వెతుక్కుంటున్నారు. మిషను చివర నేలమీద తిప్పే చక్రాన్ని కాయిల్ అంటారు; చిదంబరం అందరికంటే పెద్ద కాయిల్ కొన్నాడు. పక్కింటి జోగారావుది పళ్లెమంత ఉంటే, ఇతనిది గంగాళం మూతంత.

ఈసారి మట్టికింద ఉన్నది అతని భార్య వరహాలు.

పొద్దుటి నుంచి మిషను మోగుతూనే ఉంది. తవ్వితే ఒకసారి ఎవరిదో ఫ్రిజ్, ఇంకోసారి బీరువా.

"పెద్ద కాయిలు, తక్కువ ఫ్రీక్వెన్సీ లోతుకెళ్తాయి గానీ చిన్నవి వాటికి ఆనవండి," అన్నాడు జోగారావు తన మిషను అందిస్తూ. "దీంతో ఫ్రీక్వెన్సీ పెంచి చూడండి. మరీ లోతు కాకపోతే చెల్లెమ్మ మెట్టెలో, పుస్తెలో పలుకుతాయి."

చిదంబరం అందుకోలేదు. ఆ రెండూ అమ్మే పెద్ద కాయిల్ కొన్నాడు. "కొంగు కప్పుకుంటే ఎవరికీ తెలీదులెండి," అంటూ అప్పుడు వరహాలు తాడుకి పసుపు కొమ్ము కట్టుకుంది.

"పసుపు కొమ్ముకి ఎంత ఫ్రీక్వెన్సీ పెట్టాలండి?" అని అడిగాడు చిదంబరం.

జోగారావు మిషను ఆపేశాడు. ఇద్దరూ మట్టివైపు చూశారు. అది కాలనీ అంతా ఉంది.