ఖాళీ మంచాలు

మంచాలు ఖాళీగా ఉన్నాయని యేసుమణిని తీసేశారు.

మార్కాపురం బస్టాండు వెనక, ఇల్లు లేనివాళ్ళ కోసం పెట్టిన ఆశ్రయం అది. దానికి మేనేజరు యేసుమణి. కమిటీ వాళ్ళు నెలకొకసారి వస్తారు. ముందు హాల్లో కూర్చుని, టీ తాగి, సంతకాలు పెట్టి పోతారు. ఈసారి ప్రెసిడెంటు ధనుంజయ లేచి మంచాల మధ్య ఒకసారి నడిచి వచ్చాడు.

"రేపు హైదరాబాదు నుంచి దాతలు వస్తన్నారమ్మా. వాళ్ళకేం చూపియ్యాల? మడతపెట్టిన దుప్పట్లా?"

"అందరూ ఇండ్లకు పోయినారన్నా. సామ్యేలు తాతను కురిచేడులో కూతురు తీసకపోయింది. ఉమకు పలకల ఫ్యాక్టరీలో పని దొరికింది, గది కూడా ఇచ్చినారు. ఇల్లు దొరికినాక ఈడెందుకుంటారు?"

"అదే నీతో వచ్చిన చిక్కు. రోగులందరికీ నయం చేసి పంపిస్తే ఆస్పత్రి ఎట్ల నడుస్తది?"

కమిటీలో ఎవరూ నవ్వలేదు. అది జోకు కాదు.

"ఇప్పుడు ఎవరున్నారు?"

"చెంచమ్మత్త ఒక్కతే."

"ఆమెనన్నా రేపటిదాకా కదిలియ్యొద్దు."

"ఈ పొద్దు తర్లుపాడుకు తీసకపోతానని మాటిచ్చినానన్నా. పొద్దున్నే జడేసుకుని కూర్చోనుంది."

ధనుంజయ మిగతావాళ్ళ వైపు తిరిగాడు. సంస్థకు కొత్త నాయకత్వం కావాలన్నాడు. అందరూ తలూపారు. వినయ్ కుమార్ అనే కుర్రాడు ఎమ్మెస్‌డబ్ల్యూ చదివాడట, మధ్యాహ్నమే వచ్చి చేరతాడట.

"తాళాలు బల్ల మీద పెట్టు తల్లీ. ఇన్నేండ్లు కష్టపడినావు. ఇంక ఇంటికి పోయి సుఖంగా ఉండు."

యేసుమణి ఏదో చెప్పబోయింది.

"జీతం నెలాఖరు దాకా వేస్తాంలే," అన్నాడు ధనుంజయ.

ఆమె చెప్పబోయింది అది కాదు. కానీ బయట బస్సు హారన్ కొట్టింది. తాళాలు బల్ల మీద పెట్టి, చెంచమ్మ చెయ్యి పట్టుకుని బస్సెక్కింది.

మనుషుల్ని ఇంటికి చేర్చడానికి యేసుమణికి ఒకటే పద్ధతి. అరవదు. బతిమాలదు. పోలీసుల పేరెత్తదు. వెళ్ళి ఆ ఇంటి మెట్టు మీద కూర్చుంటుంది. ఇంటివాళ్ళు నీళ్ళు తెస్తారు. తాగదు. అంతే. గడపకొచ్చిన మనిషి గొంతెండి తిరిగిపోతే ఆ ఇంటికి మంచిది కాదని ఆ ఊళ్ళలో భయం. ఈ సంగతి ధనుంజయే మీటింగుల్లో మైకు పట్టుకుని గొప్పగా చెప్పుకునేవాడు.

నువ్వు గురకపెట్టి నిద్రపోబట్టే మేకపిల్లలు కుక్కల పాలైనాయని తమ్ముడు కాటమరాజు అన్న మాటకు చెంచమ్మ ఇల్లు వదిలింది. తర్లుపాడులో ఇద్దర్నీ చూడగానే కాటమరాజు దొడ్లోంచే అరిచాడు.

"ఎందుకు తోలుకొచ్చినావమ్మా ఈమెను? తీసకపో!"

యేసుమణి మెట్టు మీద కూర్చుంది.

కాటమరాజు భార్య భాగ్య చెంబుతో నీళ్ళు తెచ్చింది. "ఎండన పడి వచ్చినావు, తాగక్కా."

"వద్దులేమ్మా."

"పోనీ మజ్జిగ?"

"వద్దు."

ఎండ మెట్టు మీదికి వచ్చింది. యేసుమణి జరగలేదు. ఎదురింటి ముసలామె గోడ మీంచి తొంగి చూసింది.

"ఏందిరా కాటమరాజూ! ఆ యమ్మ నీ వాకిట్లో కండ్లు తిరిగి పడితే, కుక్కలు వదిలిపెట్టిన మేకలు కూడా మిగలవురా నీకు!"

కాటమరాజు చేతిలో కర్ర పారేశాడు.

"తాగు తల్లీ, నీకు దండం పెడతా! మా అక్కను లోపలికి రమ్మను. ఆమె గురకపెట్టినా, పాటలు పాడినా ఏమనను. ముందు నువ్వు తాగు!"

చెంచమ్మ గడప దాటింది. అప్పుడు యేసుమణి చెంబెత్తి గటగటా తాగింది.

"పొద్దు పోతాంది, నువ్వు కూడా ఇంటికి పోమ్మా," అంది చెంచమ్మ లోపలి నుంచి.

సాయంత్రం ధనుంజయకు వినయ్ కుమార్ ఫోన్ చేశాడు.

"చేరినాను సార్. మీరు చెప్పినట్టే వెనక గదిలో పాత సామానంతా బయట పెట్టించి, ఆఫీసు చేసినాను. పెద్దగా ఏం లేదు, ఒక ట్రంకు పెట్టె, చాప, కిరసనాయిలు స్టవ్వు."

"మంచి పని చేసినావు. మనుషుల సంగతేంది?"

"బస్టాండంతా తిరిగినాను సార్. ఎవర్ని కదిలించినా బస్సు కోసం కూర్చున్నామంటారు. మీకు ఇల్లుందా అని అడిగితే, పిల్లనిస్తావా అని ఎగతాళి చేసినాడు ఒకాయన."

"నవ్వులాట కాదబ్బాయ్. రేపు పొద్దున దాతల కండ్లకు ఒక్క మనిషన్నా కనపడకపోతే ఆశ్రయం మూసేయాల్సిందే. నీకు ఉద్యోగం ఉండదు, నాకు పరువుండదు."

"ఒక్క నిమిషం సార్, బయట ఎవరో వచ్చినట్టున్నారు."

ధనుంజయ ఫోన్ చెవికి ఆనించుకునే ఉన్నాడు. మళ్ళీ వినిపించిన గొంతులో హుషారు పొంగుతోంది.

"దేవుడే పంపినాడు సార్! ఒకామె, తనంతట తానే వచ్చింది. మీ ఇల్లేడమ్మా అని అడిగితే, లేదంది!"

"అబ్బ, బతికించినావు! ఆమెను పోనియ్యొద్దు. మంచి మంచం చూపియ్యి, ఫోటో తియ్యి. నేను శాలువా తీసుకుని వస్తన్నా. ముందు చల్లటి నీళ్ళియ్యి."

"ఇచ్చినాను సార్, కానీ నేను బయట పెట్టించిన ఆ ట్రంకు పెట్టెను మళ్ళీ వెనక గదిలో పెట్టేదాకా గుక్కెడు కూడా ముట్టనని మెట్టు మీద కూర్చుంది."