ఆరు గంటల గొంతు

బూడిద రంగు ట్రక్కు వచ్చి ఆగింది. అద్దం మాత్రం దిగలేదు.

"గుడ్ మార్నింగ్!" అంది వెల్డా, మాస్కులోంచే గట్టిగా.

లోపలున్న ముసలాయన తలూపాడు. ఇంట్లో ఇద్దరమని రెండు వేళ్లు చూపించాడు.

అంతే. మాట లేదు.

కరోనా వచ్చినప్పట్నుంచీ ప్రతి శనివారం సంత మైదానంలో మా కోల్విన్ కౌంటీ తిండి పెట్టెలు పంచుతోంది. ఎవరూ కారు దిగకూడదు. బంగాళాదుంపలు, బీన్సు, మొక్కజొన్న పిండి ఉన్న పెట్టెను వెల్డా, కర్టిస్ బండి వెనక సర్దుతారు. వచ్చినవాళ్లు అద్దం బెత్తెడు దించి, కోళ్ల దగ్గర్నుంచి కీళ్ల నొప్పుల దాకా చెప్పుకుంటే గానీ కదలరు. మా కొండల్లో పలకరిస్తే పలకకపోవడాన్ని మించిన తప్పు లేదు.

పెట్టె సర్దుతూ వెల్డా ట్రక్కు నంబరు ప్లేటు చూసింది. మా కెంటకీ రాష్ట్రంలో ప్లేట్ల అడుగున కౌంటీ పేరుంటుంది.

"టార్విల్ కౌంటీ బండి! మన పెట్టెలు పక్క కౌంటీకి పోతున్నాయా?"

"ఇక్కడ చెల్లెలింట్లో ఉంటున్నాడట. పోనీలే, ఇచ్చెయ్," అన్నాడు కర్టిస్.

"ఇవ్వనన్నానా? ఓ మాటంటే నోట్లో ముత్యాలు రాలిపోతాయా అంటున్నా."

"టార్విల్ వాళ్లంతే. బాస్కెట్‌బాల్‌లో మన పిల్లల చేతిలో ఓడినప్పట్నుంచీ మూగనోము పట్టారు."

వెల్డాకు మాటంటే ఆరు గంటల గొంతుదే. సాయంత్రం ఆరింటికి రేడియోలో కౌంటీ కబుర్లు చదివే గొంతు అది. "శుభసాయంత్రం, మన కౌంటీ," అని మొదలెట్టేది. ఎవరిదో ఎవరికీ తెలియదు. పరీక్షలు ఎక్కడ చేస్తున్నారో, మందులు ఇంటికి రావాలంటే ఎవరికి ఫోన్ చెయ్యాలో అన్నీ చెప్పేది. మాట మాటకీ ఆగి, మళ్లీ అందుకునేది.

"నాలాంటి ముసలాళ్లకి అందాలని ఆగుతాడే," అనేది వెల్డా తల్లి ఇమోజీన్. ఆమె లోయ చివర ఒంటరిగా ఉండేది. సాయంత్రమైతే ఆమెకు తోడు ఆ రేడియో ఒక్కటే.

కబుర్ల చివర ఎప్పుడూ ఒకటే మాట.

"ఇప్పుడు అందరూ వరండా దీపం వెయ్యండి. పక్కింటి దీపం వెలిగిందా చూడండి. వెలగకపోతే మాకు ఫోన్ చెయ్యండి."

నవంబరులో ఓ సాయంత్రం ఇమోజీన్ దీపం వెలగలేదు. ఎదురు గట్టు మీది పొరుగాయన చూసి ఫోన్ చేశాడు. తుంటి విరిగి వంటింట్లో పడి ఉన్న ఆమెను కౌంటీ అంబులెన్సు తీసుకెళ్లింది.

"తెల్లారేదాకా అలాగే ఉంటే దక్కేది కాదు," అన్నాడు డాక్టరు.

తల్లిని తన ఇంటికి తెచ్చుకున్నాక వెల్డా ఎండు యాపిల్ కేకు చేసింది. పొరలు పొరలుగా పేర్చే ఆ కేకు పెళ్లిళ్లకి తప్ప ఎవరూ చెయ్యరు. పని అవ్వగానే కౌంటీ ఆఫీసుకు పట్టుకెళ్లి ఆ గొంతు మనిషికి ఇవ్వాలని, మైదానంలో బల్ల మీద పెట్టుకుంది.

బూడిద రంగు ట్రక్కు వచ్చింది. ముసలాయన కేకు వైపు చూశాడు. ఎవరికి అన్నట్టు చెయ్యి తిప్పాడు.

"మాట్లాడటం తెలిసినాయనకి!" అంది వెల్డా, అద్దం అవతలికి వినపడేలా.

ముసలాయన కళ్లు నవ్వాయి. భుజాలు కదిలాయి. నవ్వు దగ్గయింది, దగ్గు ఎంతకీ ఆగలేదు. చివరికి చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

"ఇంతన్నా చీమ కుట్టినట్టయినా లేదు చూడు," అంది వెల్డా.

కౌంటీ ఆఫీసు తలుపు వేసి ఉంది. కిటికీ దగ్గర అమ్మాయి కేకు అందుకుంది.

"ఆయన ఇక్కడికి రారండీ. ఇంటి నుంచే ఫోన్లో చదువుతారు. మేం పంపిస్తాం."

ఆ సాయంత్రం దీపాల మాట అయ్యాక గొంతు మళ్లీ అందుకుంది.

"కేకు అందింది. అమ్మా, అంత మంచి కేకుకి తగినట్టు మాట్లాడటం నాకు చేతకాదు."

"విన్నావా అమ్మా? నా కేకు గురించే!" వెల్డా చిన్నపిల్లలా ఎగిరింది. ఆ వారమంతా కనపడినవాళ్లకల్లా చెప్పుకుంది.

జనవరిలో ఒకరోజు ఆరింటికి ఎవరో ఆడమనిషి గొంతు వినిపించింది.

"మనకు రోజూ కబుర్లు చదివిన ఎల్వుడ్ స్లోన్ గారు ఈ ఉదయం పోయారు. బొగ్గు గనిలో ఊపిరితిత్తులు పాడు చేసుకున్న మనిషి. రోజంతా ఊపిరి కూడబెట్టుకుని, జీతం లేకుండా చదివారు. రేపు మధ్యాహ్నం పెద్ద రోడ్డు మీదుగా ఆయన్ను తీసుకెళతాం. ఎవరూ గుమిగూడొద్దు. మీ వరండా దీపం వేస్తే చాలు."

మర్నాడు పట్టపగలు మా రోడ్డు పొడుగునా దీపాలు వెలిగాయి. ఎదురొచ్చిన ప్రతి బండీ పక్కకు తప్పుకుని ఆగింది. మా కౌంటీ అంత అందంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

వెల్డా తల్లిని వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి, తను పక్కన నిలబడింది. కళ్లు తుడుచుకుంటూనే తలెత్తి అంది.

"మన కౌంటీ బిడ్డమ్మా! ఇలాంటి మనిషి ఇంకెక్కడ పుడతాడు?"

శవాన్ని తీసుకెళ్లే నల్లబండి మెల్లగా ఇంటి ముందు నుంచి సాగిపోయింది. దాని వెనకే, ఎవరో పెద్దావిడ నడుపుతుండగా, టార్విల్ కౌంటీ ప్లేటున్న బూడిద రంగు ట్రక్కు వెళ్లింది.