చప్పుడు లేని బండి

ఆదిలాబాద్ షోరూంలో ప్రిస్కిల్లా కూర్చోబోయిన కుర్చీ పక్క కుర్చీలో ఒక ముసలాయన కాళ్లు మడిచి కూర్చుని ఉన్నాడు.

చెవిలో దూది. చేతిలో షోరూం వాళ్లిచ్చిన చాయ్.

చల్లగా ఉంటుందని లోపలికొచ్చిన మనిషి అనుకుంది.

ఆమెకు ఇరవై మూడేళ్లు. కరీంనగర్‌లో ఒకరి కారు నడిపేది. తల్లి క్యాథరిన్‌కు జైనూర్ ఆసుపత్రికి నర్సుగా బదిలీ అయ్యాక వెంట వచ్చేసింది. ఇక సొంత కారు కొని, జైనూర్ నుంచి ఉట్నూరుకు సీటు లెక్కన జనాన్ని ఎక్కించుకోవాలని ఆశ.

పెట్రోలు బండా, కరెంటు బండా అన్నది ఈ రోజే తేలాలి. బండి నడవకపోతే అప్పు తల్లి జీతం మీద పడుతుంది.

సేల్స్‌మన్ ఓంప్రకాశ్ రెండు లెక్కలూ చెప్పాడు. పెట్రోలు బండి ధర రెండు లక్షలు తక్కువ, కానీ కిలోమీటరుకు ఏడు రూపాయలు తాగుతుంది. కరెంటుది రూపాయిన్నరతో పోతుంది, కానీ నెల వాయిదా ఎక్కువ.

"పెట్రోల్‌దే తీసుకుంట," అంది ప్రిస్కిల్లా.

భయంతో అన్న మాట అది. ఓడిపోతానని ముందే ఒప్పుకున్న మనసు, ఉన్నవాటిలో చవకైన ఓటమిని ఎంచుకుంది.

"ఎందుకు బిడ్డా?" అన్నాడు ముసలాయన.

ముక్కూ మొహం తెలియని మనిషి కాబట్టే, ఇంట్లో చెప్పుకోలేనిదంతా ఆయన ముందు కక్కేసింది. ఆ దారిలో సదానందం జీపు ఒక్కటే తిరుగుతుందట. ఇంకొకరి బండి నెల కూడా నిలవలేదట. అతణ్ని ఆమె ఎన్నడూ చూడలేదు. చూడనందుకే ఆమె ఊహలో అతని మీసాలు రోజురోజుకూ పెరుగుతున్నాయి.

"వాడు రౌడీ అయ్యుంటడు తాతా. అద్దాలు పలగ్గొడ్తడు, టైర్లు కోస్తడు. పక్కా దొంగ."

ముసలాయనకు చాయ్ పొలమారింది.

అతను తెలుసా అని అడిగింది.

"నేను గా జీపు ఎక్కని దినం లేదు," అన్నాడు మూతి తుడుచుకుంటూ. "అద్దాలు పలగ్గొట్టే పనేముంది ఆయనకు? పెట్రోల్ బండ్లు తెచ్చినోళ్లంత ఖర్చుకే ఆగిపోయిండ్రు. కరెంటు బండైతే వాయిదా కట్టుకుంట గూడ నువ్వు కిరాయి తగ్గియ్యొచ్చు. డీజిల్ తాగే జీపు తగ్గియ్యలేదు. ఆయన మీద గెలవాల్నంటే గిదే దారి."

గెలవడం గురించి అంతవరకు ఆమెతో ఎవరూ మాట్లాడలేదు.

కరెంటు బండికి సంతకం పెట్టి తిరిగి చూసేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. పేరైనా అడగలేదు.

బండి చేతికొచ్చిన మర్నాడు పొద్దున్నే జైనూర్ అడ్డాకు తెచ్చింది. జనం గుంపుగా కూర్చుని ఉట్నూరు దారి వైపు చూస్తున్నారు. జీపు కోసమే అనుకుంది. ఆమె వెనక నుంచి వచ్చి ఆగినా ఒక్కరూ తిరగలేదు.

ధైర్యం చేసి హారన్ కొట్టింది.

కూరగాయల గంపతో ఉన్న అనసూర్య ఉలిక్కిపడి లేచింది. "వచ్చినవా బిడ్డా? చప్పుడన్న కాకపాయె. నీ కోసమే కూసున్నం."

నిమిషంలో బండి నిండింది. మిగిలినవాళ్లు మళ్లీ వచ్చి తమను తీసుకుపొమ్మని కిటికీలోంచి మాట తీసుకున్నారు.

నిండు బండి గుట్ట ఎక్కుతుంటే ఆ బరువు ప్రిస్కిల్లా చేతులకు తెలిసింది. గట్టిగా పాడాలనిపించింది.

జీపు ఏమైందని అడిగింది.

"అమ్మేసిండు," అంది అనసూర్య. "కండ్లు సరిగ ఆనక కొన్నొద్దులాయె. అయినా కొత్త బండి తెస్తనని ఆదిలాబాద్ పోయి, ఉత్త చేతులతోని వచ్చిండు. పిల్లొకతె కరెంటు బండి తెస్తది, అందరు దాంట్లనే ఎక్కుండ్రి అని ఇల్లిల్లు తిరిగి చెప్పి, నిన్న బాసరకు పోయిండు. ఇగ గాడనే ఉంటడట."

"సదానందంకు నేనెట్ల ఎర్క పెద్దమ్మా?"

"షోరూంల ఆయన ముంగటనే కూసోని ఆయననే దొంగ, రౌడీ అని తిట్టినవట గదా," అంది అనసూర్య, "గా ముచ్చట చెప్పి నవ్వుకుంటనే బస్సెక్కిండు."