ఎండ చూడని నారు

చలి వెనక్కి తగ్గిన తొలి వారంలో, వంటింటి కిటికీ దగ్గర పసిపిల్లల్లా పెంచిన పన్నెండు టమాటా మొక్కలను తీసుకెళ్ళి మా అన్న భార్య చేతిలో పెట్టాను.

“ఇవాళే పెరట్లో నాటెయ్యి వదినా. ఎండ బాగుంది,” అన్నాను.

పోయినేడు వదిన నాకు సరిగ్గా ఇలాగే ఇచ్చింది, ఈ మాటే చెప్పింది. సాయంత్రానికి నా మడిలో మొక్కలన్నీ ఉడికిన ఆకుకూరలా వాలిపోయాయి. “నీ చెయ్యి మంచిది కాదు,” అని ఇంటిల్లిపాదీ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది వదినే.

నీడలో పెరిగిన నారుకు వారం రోజులు కొద్దికొద్దిగా ఎండ అలవాటు చేసి గానీ బయట నాటకూడదని, తర్వాత నర్సరీ ముసలాయన చెప్పాడు. వదిన కావాలనే చేసిందని అక్కడే తేల్చుకున్నాను. ఏడాది పొడుగునా ఆ నవ్వు నా చెవుల్లోంచి పోలేదు.

మర్నాడు మధ్యాహ్నం, కళ్ళారా చూద్దామని వెళ్ళాను. పన్నెండూ నేల కరిచాయి. వదిన వాటి మీద గొడుగు పట్టుకుని గొంతుక్కూర్చుని ఉంది. నా కడుపుమంట చల్లారింది.

“నర్సరీ ఆయన్ని అడిగొచ్చాను. ముందు ఎండ అలవాటు చెయ్యాలట. నాకేం తెలుసు? పోయినేడు నీవీ నా వల్లే పోయాయి. పైగా నిన్ను చూసి నవ్వాను,” అంది.

గొడుగు ఇంకాస్త కిందికి వంచి, మళ్ళీ తనే అంది:

“ఈ సంగతి నీకు అప్పుడే చెప్పానంటాడేంటి ఆయన? తెలిస్తే మా ఆడపడుచు నాకు చెప్పకుండా ఉంటుందా అని దులిపేసి వచ్చాను.”