గొడుగులాయన

కుక్క ఆ రోజు కూడా అన్నం ముట్టలేదు.

దర్జీ ఆవిడ గిన్నె పక్కకు జరిపి మిషన్ ముందు కూర్చుంది.

భర్త పోయి ఏడు నెలలైంది. ఆమెకు ఏడుపు రాలేదు. ఆకలి కూడా తెలియడం లేదు. చొక్కాలకు చేతులు కుట్టడం మాత్రం వస్తోంది.

కుక్క ఆయన తెచ్చిందే. తొమ్మిదేళ్ల క్రితం, వానలో వణుకుతుంటే చొక్కాలో దాచుకుని తెచ్చాడు. దొరసాని అని పేరు పెట్టాడు. ఇప్పుడది ముసలిదైంది, పైగా కడుపుతో ఉంది.

గొడుగులు బాగుచేసే ఆయన ఒకడు గుమ్మం ముందు ఆగాడు. భుజాన సంచి, ఒక వైపు దారం కట్టిన కళ్లజోడు.

"గొడుగులేం లేవు," అంది తల ఎత్తకుండా.

"పర్లేదమ్మా. ఇది తినడం లేదా?"

"లేదు."

"లోపల పిల్లలు పొట్టని నొక్కేస్తుంటాయి. గిన్నెడు ఒకేసారి తినలేదు. గుప్పెడు గుప్పెడు, రోజుకి అయిదారు సార్లు పెట్టండి."

మెట్టు మీద కూర్చుని, "రావే ఆవగింజా," అన్నాడు.

దొరసాని లేచి వెళ్లింది. ఏడు నెలలుగా ఎవరు పిలిచినా చెవి కూడా కదపని కుక్క, ఆయన ఒళ్లో తల పెట్టింది.

"దాని పేరు దొరసాని. ఇంత కుక్కని పట్టుకుని ఆవగింజ ఏమిటి?"

"నోటికొచ్చింది, అనేశాను. దొరసానే బాగుంది. ఎవరు పెట్టారు?"

"మావారు. ఆయన లేరు."

"మరి మీకు తోడు?"

"ఇదొక్కతే."

ఆయన కుక్క చెవులు నిమురుతూ చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు మళ్లీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

ఆమె దగ్గర గుడ్డముక్కలు అడిగి తీసుకుని, పాత గొడుగుల బట్టలో కూరి, పరుపు కుట్టి తెచ్చాడు. తడి లోపలికి దిగదట. కుట్లు చూసింది ఆమె. వంక పెట్టడానికేమీ దొరకలేదు.

అయిదో రోజు కుక్క పొట్ట మెల్లగా తడిమాడు.

"నాలుగున్నట్టున్నాయి," అన్నాడు.

ఆమె మిషన్ ఆపింది. ఊరికే కొలతలు తీసుకునే మనిషిని ఆమె ఇంతవరకు చూడలేదు.

"పిల్లల కోసమేగా ఈ తిరగడం? తీసుకెళ్లి అమ్ముకుంటారా?"

ఆయన చెయ్యి ఆగిపోయింది. "కాదమ్మా."

"మరి దీంతో మీకేం పని?"

ఆయన సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"ఒక్కటి గుర్తుంచుకోండి. ముసలి తల్లి, ఓపిక ఉండదు. ఒక పిల్ల పుట్టాక రెండు గంటల్లో ఇంకోటి రాకపోతే ఇంట్లో కూర్చోవద్దు. పశువుల ఆసుపత్రికి పరుగెత్తండి. మా ఇంట్లో ఒక కుక్క అలాగే ఈనలేక చచ్చిపోయింది."

"ఇక మీరు రాకండి."

"అలాగేనమ్మా."

దొరసాని వీధి మలుపు దాకా ఆయన వెంట నడిచింది. ఆయన వంగి ఏదో చెప్పాడు. అది వెనక్కి వచ్చేసింది.

ఆమెకు కోపం లేదు, జాలీ లేదు. ఆపిన చోటి నుంచి కుట్టడం మొదలుపెట్టింది.

తొమ్మిది రోజుల తర్వాత, పొద్దున ఎనిమిదింటికి మొదటి పిల్ల పుట్టింది. కాసేపటికి రెండోది. ఆ తర్వాత ఏమీ లేదు. దొరసాని రొప్పుతూ ఆమె వైపే చూస్తోంది.

గడియారం పదిన్నర చూపించింది.

సూదిని గుడ్డలోనే వదిలేసి, పరుపుతో సహా కుక్కను ఎత్తుకుని, పిల్లల్ని కొంగులో వేసుకుని ఆటో ఎక్కింది.

మధ్యాహ్నానికి డాక్టరు బయటికొచ్చాడు.

"ఇంకో రెండు పిల్లల్ని తీశాం. తల్లి బాగానే ఉంది. కాస్త ఆలస్యమైతే దక్కేది కాదు. సమయానికి తేవాలని మీకెవరు చెప్పారు?"

"గొడుగులు బాగుచేసే ఆయన."

డాక్టరు పరుపును తిప్పి చూశాడు. "కళ్లజోడుకి దారం కట్టుకుంటాడు, ఆయనేనా?"

"మీకు తెలుసా?"

డాక్టరు గోడ మీది నోటీసు బోర్డు చూపించాడు. కాగితాల మధ్య ఒక చోట ఖాళీగా ఉంది.

"తొమ్మిదేళ్లు అక్కడ ఆయన కాగితమే ఉండేది. కుక్కపిల్ల వానలో తప్పిపోయింది, కనిపిస్తే చెప్పండి అని. దాని తల్లి మిగతావాటిని ఈనలేక చచ్చిపోతే, దూదితో పాలు పట్టి బతికించుకున్న పిల్ల. పాతది చిరిగితే కొత్తది అంటించేవాడు. మేం నవ్వుకునేవాళ్లం."

ఆమె ఖాళీ చోటును చూస్తూ నిలబడింది.

"ఎక్కడుంటారాయన?"

"చూపు ఆనడం లేదని పోయిన వారం చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయాడు. ఏ ఊరో నేనడగలేదు."

"ఆ కుక్కపిల్ల పేరు..."

"ఆవగింజ. వెళ్లే ముందు కాగితం తనే పీకేశాడు. దొరికిందా అన్నాను. 'దొరికింది డాక్టరుగారూ, కాకపోతే ఆ ఇంట్లో ఆవిడకి అదొక్కతే ఉంది' అని వెళ్లిపోయాడు."