క్యూబా కోసం వేలిముద్రలు

"ఇన్ని గోలీలు ఎవరికమ్మా?"

అడవి దారిలోని పోలీసు క్యాంపు దగ్గరి జవాను సువార్తమ్మ సంచీని బల్ల మీద బోర్లించి అడిగాడు.

"నాకే నాయనా. షుగరున్నది."

"రెండు ఉంచుకో. మిగిలినయి పోయేటప్పుడు తీస్కపో."

ఆమెకు ఒళ్ళు మండింది. కానీ చర్ల దాటి ఇంత లోపలికి వచ్చింది గోలీల కోసం పోట్లాడటానికి కాదు. సిరా ప్యాడు, చుట్టచుట్టిన కాగితం అలాగే ఉన్నాయి. అదే పదివేలనుకుని, 2006 వానలకు నిండుగా పారుతున్న వాగు వైపు నడిచింది.

ఆ కాగితం క్యూబా కోసం. అక్కడి ఒక చర్చికీ, ఇల్లందులోని వీళ్ళ చర్చికీ కొన్నేళ్ళుగా స్నేహం. మొన్నటి చలికాలంలో అక్కడి నుంచి మారియా అనే ఆమె వచ్చి సువార్తమ్మ వాళ్ళ గని క్వార్టర్లోనే దిగింది. పచ్చిపులుసు కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ పకపకా నవ్విన మనిషి, కొడుకు సంగతి వచ్చేసరికి నిజంగానే ఏడ్చింది. పిల్లాడికి గుండె జబ్బు. లోకంలో దానికి మందు ఉంది. అమెరికా పెట్టిన ఆంక్షల వల్ల వాళ్ళ దేశానికి అమ్మేవాళ్ళే లేరు. "మీరంతా మాకోసం ఒక్క మాట అడగండి" అని ఆమె అన్న మాటను పాస్టరుగారు తెలుగులో చెప్పారు. సువార్తమ్మ చేతిలో చెయ్యేసి మాటిచ్చింది.

మాటివ్వడం తేలికే. చర్చి కమిటీని ఒప్పించడమే గగనమైపోయింది. సెక్రటరీ వెంకటేశ్వరరావు ముందే నవ్వాడు.

"క్యూబా ముచ్చటైతే పార్టీ ఆఫీసుకు పోవాలె గానీ చర్చికొస్తే ఎట్లమ్మా?"

తక్కినవాళ్ళూ ఆయన పాటే పాడారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఆమె మాత్రం పట్టు వదల్లేదు. చివరికి ఆయనే ఒక మెలిక పెట్టాడు.

"సరే, అడవిలో ఒక్క గూడెమన్నా వేలిముద్రలు పెడితే వినతి పంపుదం. లేకుంటే ఇగ ఈ ముచ్చట ఎత్తొద్దు."

ఎలాగూ పెట్టరని ఆయన ధీమా. అందుకే ఈ ప్రయాణం. గూడెం కాదంటే మారియాకిచ్చిన మాట నీటి మూటే.

గూడెం పెద్ద దూలయ్య ఇంటి ముందు నలుగురూ చేరారు. ఆయన వదిన కన్నమ్మ జావ తెచ్చిచ్చింది. ఉప్పు లేదు. వీళ్ళ అలవాటేమో అనుకుని సువార్తమ్మ గుటుక్కున మింగింది. కన్నమ్మ ఒళ్ళో మనవడు మూలుగుతున్నాడు. నుదుటి మీద చెయ్యి వేస్తే పెనంలా కాలింది.

"దవాఖానకు తీస్కపోలేదా అవ్వా?"

కన్నమ్మ దూలయ్య వైపు చూసింది. ఆయన మాట మార్చాడు.

"ఏం పని మీద వచ్చినవమ్మా?"

మహిళా సంఘంలో ఏళ్ళ తరబడి మాట్లాడి సువార్తమ్మ నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. ఎంత పెద్ద సంగతైనా ఒక చిన్న ఊరి కథ చేసి చెప్పాలి. పేరు చిట్టచివర్న చెప్పాలి. ముందే చెబితే మనకెందుకులే అని లేచిపోతారు.

"ఒక ఊరున్నది. చుట్టూ నీళ్ళే."

"అవ్, నీళ్ళే" అన్నాడు దూలయ్య.

"పెద్దోళ్ళకు ఆ ఊరి మీద కోపమొచ్చింది. మాకు పడనోళ్ళతోని దోస్తీ చేసిండ్రని."

"దోస్తీ ఏందమ్మా? రాత్రిపూట ఆకలైతుందని ఇంటికొస్తే అన్నం పెట్టకుంట ఎట్లుంటరు?"

ఈ కథలోకి అన్నం ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు అంతుపట్టలేదు. అయినా ఆయన ఆ ఊరి పక్షాన నిలబడిన తీరు నచ్చింది.

"గందుకే కట్టడి పెట్టిండ్రు. ఆ ఊరికి ఎవ్వరూ ఏమీ అమ్మొద్దు. సరుకు పోవద్దు."

"మందులు గూడ" అంది వెనక నుంచి ఎవరో ఆడమనిషి.

"అవ్ బిడ్డా, మందులు గూడ! ఒక తల్లి కొడుకు జబ్బుతోని పండుకున్నడు. మందు లేక కాదు, రానియ్యక."

కన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. సువార్తమ్మ కళ్ళూ తడిశాయి. చదువుకున్న కమిటీవాళ్ళకు నెలల తరబడి ఎక్కని మాట ఈ ముసలమ్మకు ఎంత తొందరగా ఎక్కింది! ఆ ఏడుపు చూసి ఆమెకు మారియాయే గుర్తొచ్చింది.

"ఇది తప్పని మనం అడగాలె అవ్వా. అడిగేటోళ్ళు లేకనే నడుస్తున్నది."

"అడిగితే కొట్టరు గద?" అన్నాడు దూలయ్య మెల్లగా.

ఆమెకు నవ్వొచ్చింది. "మిమ్ముల ఎందుకు కొడ్తరు పెద్దయ్యా! ఈ కాగితం ఖమ్మం పోతది, ఢిల్లీ పోతది, దేశాలు దాటి పోతది. ఎన్నో చర్చిలోళ్ళు గిట్లనే అడుగుతున్నరు."

"గంత మందికి తెలుసా?" ఆయన ముందుకు జరిగాడు.

"తెలుసు. అందరూ బాధపడుతున్నరు."

వాళ్ళు కోయభాషలో కాసేపు మాట్లాడుకున్నారు. సువార్తమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. కళ్ళు తెరిచేసరికి దూలయ్య బొటనవేలు ప్యాడు మీద ఉంది. ఆయన వెనకే అందరూ వరస కట్టారు. పోడు చేలల్లో ఉన్నవాళ్ళను కేకేసి పిలిపించారు. కన్నమ్మ తన ముద్ర వేసి, మనవడి చిట్టి వేలు కూడా పట్టి అద్దింది. పిల్లల ముద్రలు లెక్కలోకి రావని సువార్తమ్మకు తెలుసు. అయినా వద్దనడానికి నోరు రాలేదు.

కాగితం నిండిపోయింది. వెంకటేశ్వరరావు ముఖం ఎలా మాడిపోతుందో తలుచుకుంటే ఆమెకు నవ్వాగలేదు. ఇంత మంచి మనుషులు ఉండబట్టే లోకం ఇంకా నిలబడిందనుకుంది. కాగితం చుట్టి సంచిలో పెట్టుకుని, ఇక ఆ ఊరి పేరు చెప్పి సెలవు తీసుకుందామని లేచింది. కన్నమ్మ వచ్చి ఆమె రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"మా మీద కట్టడి ఎన్నడు ఎత్తేస్తరమ్మా?"